నువ్వు పంపిన కప్ప గొంతు

యలహంక, బెంగళూరు

చిట్టితల్లీ,

చెన్నై హాస్టల్ నుంచి నువ్వు పంపిన ఆడియో నేనూ అమ్మా నాలుగుసార్లు విన్నాం. "ఇది ఏ కప్ప నాన్నా?" అన్నావు. మరి ఆ అరుపు నీటి ఒడ్డు నుంచి వచ్చిందా, గడ్డిలోంచా, గోడ మీంచా? అది రాయలేదు నువ్వు.

ఒకసారి నేనూ వట్టి గొంతునే నమ్మి మోసపోయాను. మొదటి వాన పడ్డ రాత్రి, మన వీధి చివరి ఖాళీ సైటులో దువ్వెన పళ్ల మీద గోరుతో గీసినట్టు 'క్ర్‌ర్‌ర్' అని ఒకటే మోత. ఇంత గొంతుంటే బోదురుకప్పే అనుకుని గంటసేపు టార్చితో వెతికాను. చివరికి వాననీటి గుంట పక్కన, గడ్డి మొదట్లో, రెండు సెంటీమీటర్లంత మైక్రోహైలా అనే చిట్టికప్ప కనిపించింది. గొంతు కింద సంచిని బుడగలా ఉబ్బించి ఆడకప్పను పిలుస్తోంది. అలా పిలిచేది మగకప్పే.

నీ ఆడియోలోది ఆగకుండా సాగే 'కుర్ర్‌ర్‌ర్'. నిలవనీటి ఒడ్డున విన్నావంటే గోండ్రుకప్ప అనుకోవచ్చు. గరుకు చర్మం, కళ్ల వెనక ఉబ్బిన గ్రంథులు ఉంటాయి. పొద్దున ఆ నీళ్లలో చూడు, నల్లపూసల దండల్లాంటి గుడ్లుంటే దానివే.

'టక్ టక్' అని తలుపు కొట్టినట్టు వినిపిస్తే చెట్టుకప్ప. అది బాత్రూమ్ గోడల మీదా ఉంటుంది. మొన్న మన నీళ్లతొట్టి అంచున నురుగు కనబడితే, సబ్బు నురగేమో అని అమ్మ కడగబోయింది. పరుగెత్తి ఆపాను. అది చెట్టుకప్ప గూడు. తోకకప్పలు అందులోంచి కింది నీళ్లలోకి జారతాయి. ఇప్పుడు ఆ తొట్టిని ఎవరూ ముట్టుకోవడం లేదు.

2020లో ఈ ఊరి శివార్లలో దొరికిన ఒక కొత్త కప్పకు స్ఫేరోథీకా బెంగళూరు అని పేరు పెట్టారు. ఇంత పెద్ద ఊరి పక్కనే అన్నాళ్లూ పేరు లేకుండా బతికిందని తలచుకుంటే నాకిప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది. మన ఖాళీ సైటులో మాత్రం పునాదులు తవ్వేశారు. ఈ ఏడు ఆ దువ్వెన చప్పుడు వినబడలేదు. చాలా బాధగా ఉంది.

ఈసారి వాన పడితే మళ్లీ రికార్డు చెయ్యి. చోటు, టైము, వాన ఎప్పుడు ఆగిందో కూడా రాయి. ఒక్కదానివే వెళ్లకు. కప్పలున్న చోటికి పాములూ వస్తాయి, బూట్లు వేసుకో.

నాన్న