చింతచెట్టు కింద పట్టా

దేవరకొండ,
జనవరి 19

బిడ్డా,

"నాయినా, దూరపోళ్లతోని మాట్లాడే హామ్ రేడియో ఏరియల్ కోసం మేస్త్రీని పెట్టి ఎనిమిది ఫీట్ల ఎర్త్ గుంత తవ్విచ్చిన, బొగ్గు, ఉప్పు పోసిన. ఇగ నేల మీద తీగలు పరుసుడు ఎందుకు?" అన్నవు నిన్న ఫోన్ల. నాకు నవ్వొచ్చింది. ఇరవై ఏండ్ల కింద నేనూ గిట్లనే అన్న. మోటర్ వైండింగ్ చేసేటోనికి ఎర్త్ గురించి ఎవడు చెప్పేదుంది అనుకున్న అప్పుడు.

మన పెరట్ల రెండు బొంగులు అతికి నిలబెట్టి 80 మీటర్ల బ్యాండుకు (రేడియో అల పొడుగు గంత) ఏరియల్ తీగ కట్టిన. 12 మీటర్లు పైకి, ఆడికెళ్లి 8 మీటర్లు అడ్డంగ యాపచెట్టు కొసకు. కింద గుంతల జీఐ పైపు. మీటర్ పెడితే ఎస్‌డబ్ల్యూఆర్, అంటే పంపిన పవర్ల ఎంత ఎనక్కి తిరుగుతుందో చెప్పే లెక్క, ఒకటికి ఒకటి! ఏం తిరుగుతలేదన్నట్టు. మీ అమ్మను పిలిచి చూపెట్టిన. ఆమెకు ఏం సమజ్ కాలే గానీ, నా సంబురం జూసి చాయ్ పెట్టింది. ఆ రాత్రి రేడియోల దొరికిన నాగపూర్ ఆయన మాత్రం, నా మాట సరిగ్గ ఇనపడక, "ఉన్నవా, పోయినవా?" అని అడుగుడే అడుగుడు.

అట్ల వంచిన తీగ, కింద నేల మంచిగుంటే, తీగ మొదట్ల కరెంటుకు అడ్డు 25 ఓముల దగ్గర చూపియ్యాలె. వంచకుండ 20 మీటర్లు నిటారుగ లేపినా 36 దాకనే. నాకు 50 వచ్చింది. ఆ మిగిలిన 25 ఎవలియి? మట్టియి. నేను పంపిన పవర్ల సగం చెలకను ఎచ్చబెట్టుడుకే పాయె. రేడియో నుంచి తీగకు పోయే కేబుల్‌కు కావాల్సింది 50 కాబట్టి మీటర్ సక్కగ ఒకటి చూపిస్తది. మనం మురుస్తం.

మోటర్ ఎర్త్ పని వేరు. బాడీకి లీకైన కరెంటు లోపలికి దిగిపోతే సాలు. రేడియో కరెంటుకు గుంత లోతుతోని పని కాదు. తీగ చుట్టూ ఉన్న నేల మీదంత పడి, పైపైన్నే మల్ల తీగ మొదట్లకు రావాలె. చింతకాయ దులిపేటప్పుడు చెట్టు కింద గుంత తవ్వుతమా? పట్టా పరుస్తం. మనది ఎర్రచెలక, మూడు ఫీట్లు తవ్వితే మొరం, ఆ కింద పరుపుబండ. అచ్చంపేట దిక్కు నీ ఇల్లు కూడ గసొంటి నేల మీదనే ఉంది. నల్లరేగడి ఉన్నోళ్లకు కొంత నయం.

తీగ కొనుడు ఎందుకని షాపుల కాలిన మోటర్లు విప్పిన. ఆ తీగ నల్లగ, మాడిన వార్నిష్ వాసన. ఒక కొస దర్వాజ గడియకు కట్టి, ఇంకో కొస చేతికి చుట్టి, నడుమ గుడ్డపేలికతోని గుంజుకుంట వస్తే దారం లెక్క సాపైతది. రెండు ఆదివారాలు గదే పని. ఎనిమిదేసి మీటర్లవి 24 కోసి, కొసలకు బ్లేడుతోని ఎనామెల్ గీకి, రాగి రేకుకు సోల్డర్ చేసిన. నిలువు తీగ చుట్టూ నేల మీద పరిచి, బైండింగ్ వైరు వంచి మేకులు కొట్టిన. గడ్డి మొలిచినంక కనపడలే. వీటికి కచ్చితమైన కొలత అక్కర్లేదు. నాలుగు పొడుగువి పరుసుడు కన్న పొట్టివైనా ఎక్కువ పరుసుడు మేలు.

అన్ని కలిపినంక మీటర్ 30 ఓములకు దిగింది, ఎస్‌డబ్ల్యూఆర్ 1.7కు ఎక్కింది. ఏదో చెడగొట్టిన అనుకున్న. ఆ రాత్రి నాగపూర్ ఆయన మొదటిసారి నా పేరు అడిగి రాసుకున్నడు.

గుంత పైసలు దండుగ అయినయని మేస్త్రీ మీద కోపం జేసుకోకు. అది పిడుగుకు కావాలె. ఉగాది దాటినంక గాలివానలు మొదలైతయి గదా. ఆ గుంతను మీటర్ బోర్డు ఎర్త్‌తోని మందం రాగి తీగ పెట్టి తప్పకుండ కలుపు. విడివిడిగ ఉంచితే, పిడుగు పడ్డప్పుడు రెండిటి నడుమ వేల వోల్టులు తేడా వస్తది. అది నీ రేడియో లోపలికెళ్లి దారి జేసుకుంటది. ఉరుము ఇనపడక ముందే కేబుల్ పీకి బయట పడెయ్యి. ఉరిమినంక దాని జోలికి పోకు.

బోరు మోటర్లకు పోయే 11 కేవీ లైను నీ ఇంటి ఎనుకనే ఉన్నదన్నవు. బొంగు ఎటు పడ్డా, తీగ ఎటు తెగినా ఆ లైనుకు అందొద్దు. గంత జాగ లేకుంటే 80 ముచ్చట బంద్ పెట్టు. 40 మీటర్లకు పదేసి మీటర్ల రెండు రెక్కల డైపోల్ కట్టుకో, ఆరేడు మీటర్ల ఎత్తు సాలు. దానికి పట్టా లేదు, గిట్టా లేదు. పగటిపూట హైదరాబాద్, బెంగళూరు మంచిగనే దొరుకుతయి. నాకైతే చలికాలం రాత్రి 80 ఇచ్చే మజా అండ్ల రాదు. ఎండాకాలం మాత్రం 80 నిండ పటపట సప్పుడే.

శనివారం పొద్దుగాల బస్సుకు వస్తున్న. తీగ చుట్టలు రెండు, రాగి రేకు, సోల్డర్ కడ్డీ నేనే తెస్త. నువ్వు గడ్డపార, సుత్తె ఎవలనన్న అడిగి పెట్టు. నిలువు తీగను నేను వచ్చేదాక కొయ్యకు. మీ అమ్మ సకినాలు అదే సంచిల పెట్టింది, వార్నిష్ వాసన పడుతదని చెప్పినా ఇనలే.

మీ నాయిన