సెమినార్ ఆపినోళ్లు ఆ పేపర్ చదివిండ్రా?

ఎడిటర్ గారికి నమస్కారం.

మా పక్కింటి పిల్ల హన్మకొండలనే పీజీ చదువుతది. కాలేజీ సెమినార్‌ల చదవడానికి సింధు నదీజలాల ఒప్పందం మీద పేపర్ రాసింది, రెండు నెలలు కష్టపడ్డది. నేను ఫిజిక్స్ లెక్చరర్‌గా రిటైర్ అయినోన్ని, ఆ సబ్జెక్ట్ నాకు పెద్దగ రాదు, కానీ చార్ట్ గీసేటప్పుడు మా వరండాల కూసోని స్కేల్ పట్టుకున్న. రావి, బియాస్, సట్లెజ్ మనకు, అవి ఆకుపచ్చ స్కెచ్‌తోని. సింధు, జీలం, చీనాబ్ పాకిస్తాన్‌కు, అవి నీలం. 1960ల సంతకాలైన ఒప్పందం 1965, 1971 యుద్ధాలల్ల కూడా ఎట్ల నిలబడ్డది, 2025 ఏప్రిల్‌ల పహల్గాం దాడి తర్వాత మన గవర్నమెంట్ దాన్ని ఎందుకు పక్కకు పెట్టింది, ఇగ మీదట ఏమైతది, ఇదే ఆమె రాసింది.

సెమినార్ ముందు రోజు రాత్రి వాట్సాప్ గ్రూప్‌ల ఒక్క లైన్ వచ్చింది, పోస్ట్‌పోన్ అని. కొత్త డేట్ ఇప్పటిదాక లేదు. ఎవరో ఫోన్ చేసి ఈ టైంల పాకిస్తాన్ వాటా గురించి మాట్లాడుడేంది అన్నరట, మేనేజ్‌మెంట్ భయపడ్డది. ఆ ఫోన్ చేసినాయన పేపర్ చదివిండా అంటే లేదు. చదివితే తెలిసేది, ఆ ఒప్పందంతోని మనకు ఎక్కడెక్కడ నష్టమైందో ఆ పిల్ల రెండు పేజీలు రాసిందని. చార్ట్ ఇంకా మా బీరువా మీదనే చుట్టి ఉన్నది.

మన తెలంగాణోళ్లకు నీళ్ల ముచ్చట ఒకరు చెప్పాల్నా సార్. కృష్ణా నీళ్లల్ల మన వాటా గురించి మాట్లాడొద్దని ఎవరన్నా అంటే మనం ఊకున్నమా? కాకతీయ యూనివర్సిటీకి వీసీగా చేసిన జయశంకర్ సార్ ఆ లెక్కలు ముందర పెట్టే కదా మాట్లాడింది. తెలంగాణ ముచ్చట తేల్చనీకి ఏసిన శ్రీకృష్ణ కమిటీ టైంల మా స్టాఫ్ రూంల గుంటూరు సైడు సార్ ఒకాయన ఉండె, ఆయన సమైక్యం, నేను తెలంగాణ. బయట బంద్‌లు, రాస్తారోకోలు. రిపోర్ట్‌ల ఆరు ఆప్షన్లు వచ్చినంక ఒక్కొక్కదాని మీద లంచ్ టైమంత కొట్లాటే, టిఫిన్ బాక్సులు మూత తియ్యకుండనే బెల్లు కొట్టేది. నేను చెప్పిన లెక్క ఒకటి తప్పని ఆయన పట్టిండు, ఇంటికి పోయి చూస్తే నిజంగనే తప్పు, మళ్ల సరి చేసుకొని వచ్చి వాదించిన. ఆయనను మాట్లాడనియ్యొద్దని మాకు ఒక్కనాడు కూడా అనిపియ్యలే.

నేను ముప్పై ఏండ్లు క్లాసుల చెప్పిన ముచ్చట ఇంకోటి ఉన్నది. మొదటి ప్రపంచ యుద్ధంల ఇంగ్లండ్, జర్మనీ ఒకరినొకరు చంపుకుంటున్నప్పుడు బెర్లిన్‌ల ఉన్న ఐన్‌స్టీన్ జనరల్ రిలేటివిటీ థియరీ, అంటే సూర్యుని పక్క నుంచి వచ్చే చుక్కల వెలుగు వంగుతదని చెప్పే థియరీ, ఇంగ్లండ్‌కు నేరుగ పోయే దారి లేకపాయె. యుద్ధంల లేని హాలండ్‌ల డి సిట్టర్ అనే ఆయన దాన్ని ఇంగ్లండ్ ఖగోళ సైంటిస్ట్ ఎడింగ్టన్‌కు పంపిండు. యుద్ధం ఆగిన ఆర్నెల్లకే, 1919 మే 29 గ్రహణం నాడు, ఆ ఎడింగ్టనే ఆఫ్రికా పక్క దీవికి పోయి మబ్బుల నడుమ ఫోటోలు తీసి శత్రు దేశపు సైంటిస్ట్ చెప్పింది నిజమేనని లోకానికి చూపించిండు. అదే టైంల జర్మన్ సైంటిస్టులను ఇంటర్నేషనల్ సంఘాలల్లకు రానియ్యకుండ 1926 దాక బయట పెట్టిండ్రు, దాంతోని ఎవరికీ ఒరిగింది లేదు.

జవాన్లు పానాలిస్తుంటే సెమినార్లేంది అనేటోళ్ల బాధ నాకు తెల్వదని కాదు, మా చిన్నమ్మ కొడుకు ఆర్మీల చేసిండు, బార్డర్ వార్తలు వచ్చినప్పుడల్లా మా చిన్నమ్మ ముద్ద నోట్ల పెట్టకపోయేది. అభ్యంతరం ఉన్నోళ్లు హాల్‌కు రావాలె, ముందు వరుసల కూసోవాలె, ఆ పిల్లను గట్టిగ ప్రశ్నలు అడగాలె. ఆమె జవాబు చెప్పలేకపోతే అందరి ముందరనే తేలిపోతది కదా.

1938ల వందేమాతరం పాడినందుకు ఉస్మానియా పిల్లలను తీసేస్తే నాగ్‌పూర్ యూనివర్సిటీ చేర్చుకున్నది, మన పీవీ గారు కూడా అక్కడికే పోయి చదువుకున్నరు. ఈ పిల్ల యాడికి పోవాలె?

మీ పేపర్ ద్వారా నేను అడిగేది ఇంతే. సెమినార్ ఆపితే ఎవరు ఆపమన్నరో, కారణమేందో కాయితం మీద రాసి సంతకం పెట్టాలె, ఫోన్ల మీద ఆపుడు బంద్ చెయ్యాలె. గొడవైతదని భయముంటే పోలీసులను హాల్ దగ్గర కాపలా అడగాలె, హాల్‌కు తాళం ఎయ్యొద్దు. ఫైనల్ పరీక్షలు దగ్గరికొచ్చినయ్, అవి అయిపోతే ఆ బ్యాచ్ ఎటోళ్లటు పోతది, ఆ లోపలనే ఆ సెమినార్‌కు డేట్ ఇయ్యాలని కాలేజీ వాళ్లను కోరుతున్న.

– ఒక రిటైర్డ్ ఫిజిక్స్ లెక్చరర్, హన్మకొండ