డాక్టరు గారి గదిలోనూ ఒక టేపు ఉండాలి

సంపాదకులకు నమస్కారం.

బరువు తగ్గించే ఇంజెక్షన్ల గురించి ఈమధ్య మీ పత్రికలో వరుసగా వార్తలు వస్తున్నాయి. ధర ఎంత, ఎన్ని కిలోలు తగ్గుతారు అన్నదే ఎక్కువగా రాస్తున్నారు. వాటిని రాసిచ్చే డాక్టర్లకు ఈ విషయం ఎవరు నేర్పుతున్నారు, ఎప్పుడు నేర్పుతున్నారు అన్నది మాత్రం ఎక్కడా కనబడలేదు. ఆ మాట అడుగుదామనే ఈ ఉత్తరం.

నేను గుంటూరు బ్రాడీపేటలో 22 ఏళ్లుగా లేడీస్ టైలరింగ్ చేస్తున్నాను. పొద్దున్నించి రాత్రి దాకా మెడలో టేపు ఉంటుంది. పాత కొలతల పుస్తకాలు ఒక్కటీ పారేయలేదు. ఒకే మనిషికి 2010లో రాసుకున్న నడుము కొలత, ఇప్పటి కొలత పక్కపక్కన పెట్టి చూస్తే ఊరు ఎంత మారిందో ఎవరూ చెప్పక్కర్లేదు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో 36.3 శాతం మంది ఉండాల్సిన దానికంటే ఎక్కువ బరువున్నారు. దేశం మొత్తం మీద అది 24 శాతం. అంటే మన దగ్గర ప్రతి ముగ్గురిలో ఒకరికి పైనే. ఇంతమందికి ఉన్న జబ్బుకి వైద్యం ఎలా జరుగుతోందో నా అనుభవం చెబుతాను.

రెండేళ్ల కిందట మోకాళ్ల నొప్పులకని ఒక క్లినిక్‌కి వెళ్లాను. నర్సమ్మాయి నా జబ్బకు బీపీ పట్టీ చుట్టింది. అంచు సరిగ్గా అతుక్కోలేదు. గాలి కొట్టగానే చర్రుమని ఊడిపోయింది. రెండోసారి ఆ పిల్ల పట్టీని రెండు చేతులతో అదిమి పట్టుకుంటే ఇంకో అమ్మాయి గాలి కొట్టింది. బెంచీ మీద కూర్చున్నవాళ్లంతా ఇటే చూస్తున్నారు. 158/98 వచ్చింది. డాక్టరు గారు చీటీలోంచి తలెత్తకుండానే "నోరు కట్టేసుకోవాలమ్మా, ఇరవై కిలోలు తగ్గితే అన్నీ తగ్గుతాయి" అని బీపీ మాత్ర రాసిచ్చారు. ఆరు వారాలు వేసుకున్నాను. మిషన్ ముందు నుంచి లేస్తే కళ్లు తిరిగేవి.

దసరాకి మా అన్నయ్య కూతురు వచ్చింది. జనరల్ మెడిసిన్‌లో పీజీ చేస్తోంది. "అత్తా, నీ జబ్బ చుట్టుకొలత ఎంత?" అని అడిగింది. నాకు టేపు కూడా అక్కర్లేదు, 16 అంగుళాలు. మామూలు పట్టీ 13, 13న్నర అంగుళాల దాకానే పనికొస్తుందట. అంతకన్నా లావు చేతికి చిన్న పట్టీ కడితే బీపీ ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుందట. అది తెచ్చిన పెద్ద పట్టీతో చూస్తే లెక్కే మారిపోయింది. తర్వాత వేరే డాక్టరు గారి సలహాతో మాత్ర ఆపి, నెల రోజులు పెద్ద పట్టీతోనే చూసుకున్నాం. 130 దాటలేదు. నా దగ్గర జాకెట్టు కుట్టించుకునేవాళ్లకి చేతి కొలత తీయకుండా నేను కత్తెర పెట్టను. మందు రాసేముందు ఆ పాటి కొలత చూడరా?

నడుముకి టేపు పెట్టిన డాక్టరుని కూడా ఇన్నేళ్లలో ఒక్కరినే చూశాను. మన దేశంలో ఆడవాళ్లకు నడుము 80 సెంటీమీటర్లు, మగవాళ్లకు 90 దాటితే జాగ్రత్త పడాలని వైద్యులే ఏనాడో తేల్చారు. టైలర్ల లెక్కలో 31న్నర, 35న్నర అంగుళాలు. (మేం కొలిచే చోటు వేరు. డాక్టర్లు ఆఖరి పక్కటెముకకీ తుంటి ఎముకకీ మధ్యన, ఊపిరి వదిలాక కొలవాలి.) బరువు చూసే మిషన్ ఒక్కటే సరిపోదని చెప్పడానికి మా మేనకోడలు ఒక ఫోటో చూపించింది. పుణె డాక్టరు యాజ్ఞిక్ గారు, బ్రిటన్ డాక్టరు యుడ్కిన్ గారు పక్కపక్కన నిలబడి ఉన్నారు. ఎత్తుకు తగ్గ బరువు లెక్క, అదే బీఎంఐ, ఇద్దరికీ 22.3. ఒంట్లో కొవ్వు మాత్రం యుడ్కిన్ గారికి 9.1 శాతం, మన యాజ్ఞిక్ గారికి 21.2 శాతం. 2004లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చింది. అందుకే బయటి దేశాల్లో 30 దాటితే ఊబకాయం అంటే మనకి 25కే అంటారు. సన్నగా కనబడుతూ పొట్ట మాత్రం ముందుకొచ్చిన మగవాళ్లు మన ఊళ్లో ఎంతమంది! వాళ్లకి "మీరు బానే ఉన్నారుగా" అని చెప్పి పంపించేస్తున్నారు.

ఇక "నోరు కట్టేసుకో" అన్న మాట. అది వైద్యం కాదు, చీవాట్లు. అమెరికాలో టీవీ పోటీ కోసం బాగా బరువు తగ్గిన 14 మందిని ఆరేళ్ల తర్వాత పరీక్షించారు. చాలామందికి బరువు తిరిగొచ్చేసింది. అయినా వాళ్ల ఒళ్లు ఖర్చు పెట్టే శక్తి, ఆ బరువుకి ఉండాల్సిన దానికంటే రోజుకి దాదాపు 500 కేలరీలు తక్కువే ఉంది. ఆ పరిశోధన 2016లో అచ్చయింది. బరువు తగ్గితే ఒళ్లు దాన్ని పోగొట్టుకున్న సొమ్ములా మళ్లీ కూడబెట్టుకుంటుందన్నమాట. ఇది చదివిన రోజు నేను ఏడ్చాను. మూడుసార్లు తగ్గి మూడుసార్లు పెరిగిన మనిషిని. ప్రతిసారీ నాకు బుద్ధి లేదనే అనుకున్నాను.

ఇంజెక్షన్ల సంగతికి వస్తాను. మౌంజారో పేరుతో తిర్జెపటైడ్ 2025 మార్చిలో, వెగోవీ పేరుతో సెమాగ్లుటైడ్ అదే జూన్‌లో మన దేశానికి వచ్చాయి. వాటిని తిట్టడానికి రాయడం లేదు. సెమాగ్లుటైడ్‌తో 68 వారాల్లో సగటున 15 శాతం దాకా బరువు తగ్గింది. గుండె జబ్బు ఉండి, షుగర్ లేని లావుపాటివాళ్లలో గుండెపోటు, పక్షవాతం, గుండె మరణాలు 20 శాతం తగ్గాయని 2023లో తేలింది. అయితే మందు మానేసిన ఏడాదిలో తగ్గినదాంట్లో మూడింట రెండొంతులు తిరిగి వచ్చింది. అంటే ఇది బీపీ మందులా ఏళ్ల తరబడి చూసుకోవాల్సిన వైద్యం. ఇది మొదటి చీటీ రాసే రోజే చెప్పాలి.

నా దగ్గరికొచ్చే ఒకావిడ ఈ ఇంజెక్షన్ మొదలుపెట్టి రెండు నెలల్లో నాలుగుసార్లు జాకెట్లు బిగించమని తెచ్చింది. నడుము తగ్గింది, మంచిదే. కానీ జబ్బ కొలత రెండు అంగుళాలు పడిపోయింది, చర్మం వేలాడుతోంది. మా మేడ మెట్లు ఎక్కి వచ్చి ఐదు నిమిషాలు మాట్లాడలేకపోయింది. అన్నం సయించక మజ్జిగతో సరిపెట్టుకుంటోందట. కొవ్వుతో పాటు కండ కూడా పోతుందని, పప్పు, గుడ్డు, చేప తినాలని, కాస్త బరువులెత్తే వ్యాయామం చేయాలని ఎవరూ చెప్పలేదు. డోసు నెలనెలా మెల్లగా పెంచాలి, ఆపరేషన్ ఉంటే మత్తు డాక్టరుకి ముందే చెప్పాలి, పిల్లల కోసం చూస్తున్నవాళ్లు ముందుగానే ఆపాలి. థైరాయిడ్ మాత్ర వేసుకునేవాళ్లందరికీ ఇది పనికిరాదనుకోవడం తప్పు. ఇంట్లో ఎవరికైనా మెడుల్లరీ అనే అరుదైన థైరాయిడ్ క్యాన్సర్ ఉందా అని మాత్రం అడిగి తీరాలి. ఇవన్నీ తెలియకుండా రాసిచ్చే మందు కాదిది. సెమాగ్లుటైడ్ పేటెంట్ గడువు మన దేశంలో 2026 మార్చితో సరి. తక్కువ ధర మందులు తెనాలి, బాపట్ల మందుల షాపులకి చేరడానికి ఎంతోకాలం పట్టదు.

తప్పంతా డాక్టర్లదని నేను అనను. ఇరవై ఏళ్ల కిందట ఎంబీబీఎస్ చదివినవాళ్లకి ఈ మందులూ లేవు, ఈ పాఠాలూ లేవు. చిన్న క్లినిక్‌లో రోజుకి ఎనభై మందిని చూసే మనిషి రాత్రి పూట పరిశోధనలు ఎక్కడ చదువుతాడు? అందుకే ఐదేళ్లలో 30 గంటలు డాక్టర్లు సీఎంఈ తరగతులకు, అంటే చదువు అయిపోయాక కొత్త సంగతులు నేర్పే పాఠాలకు, వెళ్లాలని 2002 నాటి వైద్య నియమావళిలోనే ఉంది. ఆ 30 గంటల్లో ఊబకాయానికి ఎన్ని? పాఠం చెప్పేది ఎవరు? డాక్టర్లకు బహుమతులు, విదేశీ ప్రయాణాలు ఇవ్వకూడదని 2024 మార్చిలో కేంద్రం మందుల కంపెనీలకు నియమావళి తెచ్చింది. మంచి పనే. తరగతులకు మాత్రం షరతుల మీద కంపెనీలు సాయం చేయొచ్చు. ఇంజెక్షన్ అమ్మేవాళ్ల ఖర్చుతో ఇంజెక్షన్ గురించి పాఠం వద్దని నా మనవి.

ఆంధ్రప్రదేశ్ మెడికల్ కౌన్సిల్, విజయవాడలోని ఎన్టీఆర్ ఆరోగ్య విశ్వవిద్యాలయం కలిసి ఈ పని చేయొచ్చు. 30 గంటల్లో కనీసం నాలుగు గంటలు ఊబకాయానికి కేటాయించండి. గుంటూరు మెడికల్ కాలేజీలో, విజయవాడ సిద్ధార్థ కాలేజీలో ఆదివారం పూట పెట్టండి. పీహెచ్‌సీ డాక్టర్లను, పేటల్లో క్లినిక్‌లు నడిపే జనరల్ డాక్టర్లను ముందు పిలవండి. స్టీరాయిడ్లు, కొన్ని మానసిక వైద్యం మందులు, కొన్ని షుగర్ మందులు బరువు పెంచుతాయన్నది, గురక వెనక నిద్రలో ఊపిరి ఆగే జబ్బు ఉండొచ్చన్నది చెప్పండి. నర్సులనూ కూర్చోబెట్టండి, పట్టీ కట్టేది వాళ్లే కదా. ప్రతి క్లినిక్‌లో పెద్ద పట్టీ, ఒక టేపు, చేతులు లేని ఒక గట్టి కుర్చీ ఉండాలని నియమం పెట్టండి. టేపు ధర ఎంతో నాకు తెలుసు.

అలాంటి తరగతి పెడితే, పెద్ద పట్టీ ఎలా కట్టాలో, టేపు ఎక్కడ పెట్టాలో చూపించడానికి ఒక పేషెంటు కావాల్సి వస్తే నేను వస్తాను. ఆదివారం మా షాపుకి సెలవే.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
బ్రాడీపేట, గుంటూరు