జాలీలో సెల్స్ కాదు, పూత చూడండి

సంపాదకులకు నమస్కారం.

టర్బో (పొగ ఒత్తిడితో తిరిగి ఇంజిన్‌లోకి ఎక్కువ గాలి కుక్కే పరికరం) ఉన్న పెట్రోల్ కారుకు ‘హై ఫ్లో’ క్యాటలిటిక్ కన్వర్టర్ (పొగలోని విషవాయువుల్ని తగ్గించే డబ్బా) వేయిస్తే పికప్ పెరుగుతుందనే మాట కుర్రకారులో గట్టిగా తిరుగుతోంది. అది పూర్తిగా అబద్ధమేమీ కాదు. కాకపోతే కొనేముందు చాలామంది అడిగేవి రెండే ప్రశ్నలు: ఎన్ని సెల్స్, సౌండ్ ఎలా ఉంటుంది? అసలు అడగాల్సినవి వేరే ఉన్నాయి.

కన్వర్టర్ లోపల తేనెపట్టులాంటి జాలీ, దాని మీద విషవాయువుల్ని మార్చేసే పూత ఉంటాయి. చదరపు అంగుళానికి ఎన్ని గదులుంటే అన్ని సెల్స్. కంపెనీ నుంచి వచ్చేవి ఎక్కువగా 400 నుంచి 600 సెల్స్ ఉండే పింగాణీ జాలీలు. హై ఫ్లో పేరుతో అమ్మేవి 200, 300 సెల్స్ ఉండే పలుచటి స్టీలు రేకు చుట్టలు. గది పెద్దదైతే పొగ తేలిగ్గా పోతుంది, టర్బైన్ (టర్బోలో పొగతో తిరిగే చక్రం) తర్వాతి ఒత్తిడి తగ్గుతుంది, టర్బో త్వరగా అందుకుంటుంది. అయితే పొగ తగిలే పూత వైశాల్యమూ ఆ మేరకు తగ్గుతుంది. ఆ లోటును పూతలోని ప్లాటినం, పలేడియం, రోడియం మోతాదుతో పూడ్చాలి. చౌక సరుకు దొరికిపోయేది ఇక్కడే. టార్చి వేసి జాలీలోకి చూడండి. పూత ఉన్న రేకు మెరుపు లేకుండా మట్టిరంగులోనో బూడిదరంగులోనో ఉంటుంది, వేలికి సన్నగా గరుకు తగులుతుంది. కొత్త స్టీలు గిన్నెలా తళతళలాడుతుంటే అది కన్వర్టర్ కాదు, జల్లెడ.

రేకు పొరల్ని బ్రేజింగ్‌తో (కరిగించిన లోహంతో) అతికారా, డబ్బాలో చుట్టగా దూర్చి వదిలేశారా అన్నదీ అడగాలి. ఫుల్ లోడ్‌లో టర్బో పెట్రోల్ ఇంజిన్ పొగ 900 డిగ్రీలు కూడా దాటుతుంది. ఆ వేడికి అతకని చుట్ట సడలి, నడిమి పొరలు గరాటులా వెనక్కి జారిపోతాయి. ఆ తర్వాత కారు గొణుగుతుందే తప్ప లాగదు.

రీమ్యాప్ (ఇంజిన్ కంప్యూటర్ ప్రోగ్రాం మార్చడం) లేని కారుకు 300 లేదా 400 సెల్స్ మెటల్ జాలీ చాలు. రీమ్యాప్ చేయించి బూస్ట్ (టర్బో ఇచ్చే గాలి ఒత్తిడి) పెంచినవాళ్లకే 200 వైపు చూడాల్సిన అవసరం. కంపెనీ ఈసీయూ (ఇంజిన్ కంప్యూటర్) బూస్టును తన లెక్క దగ్గరే ఆపేస్తుంది కాబట్టి, జాలీ ఒక్కటే మారిస్తే తక్కువ ఆర్‌పీఎంలో కాస్త చురుకుదనం కనిపిస్తుంది, అంతే. పైపు విషయంలోనూ అంతే. లీటరు, లీటరున్నర ఇంజిన్లకు రెండున్నర అంగుళాల డౌన్‌పైప్ (టర్బో నుంచి పొగ దిగే పైపు) ధారాళంగా సరిపోతుంది. మూడంగుళాలది పెడితే మన స్పీడ్ బ్రేకర్లకు రుద్దుకోవడమే మిగులుతుంది.

బీఎస్-6 కార్లలో చాలావాటికి కన్వర్టర్ టర్బోకు ఆనుకునే ఉంటుంది. దానికో కారణం ఉంది. పూత 250–300 డిగ్రీలకు చేరితే గానీ పని మొదలుపెట్టదు, పొద్దున స్టార్ట్ చేసిన మొదటి నిమిషంలోనే విషవాయువులు ఎక్కువగా పోతాయి. కొత్తదాన్ని సీటు కిందికి జరిపితే వేడెక్కడం ఆలస్యమవుతుంది. తప్పనిసరై జరిపితే టర్బోకూ కన్వర్టర్‌కూ మధ్య పైపుకు మాత్రమే హీట్ ర్యాప్ (వేడిని పట్టి ఉంచే పట్టీ) చుట్టండి, డబ్బాకు వద్దు.

డీజిల్ వాళ్లకు ఒక్క మాట: మీ బండిలో ఉండేది ఆక్సిడేషన్ క్యాటలిస్ట్, డీపీఎఫ్ (మసిని పట్టే ఫిల్టర్). ఈ పెట్రోల్ సరుకు దానికి పనికిరాదు.

పాతది మూసుకుపోయిందని మార్చేవాళ్లు ముందు అదెందుకు మూసుకుపోయిందో తేల్చుకోవాలి. స్పార్క్ ఇచ్చే కాయిల్ తప్పి మిస్‌ఫైర్ అయితే కాలని పెట్రోల్ జాలీలోకి వచ్చి అక్కడే మండి దాన్ని కరిగిస్తుంది. టర్బో సీలు నుంచి ఆయిల్ కారితే అందులోని భాస్వరం పూతను చంపేస్తుంది. ఆ రోగం అలాగే ఉంటే కొత్తదీ అదే దారి పడుతుంది. కన్వర్టర్‌కు ముందున్న ఓ2 (ఆక్సిజన్) సెన్సర్ రంధ్రంలో ప్రెషర్ గేజ్ పెట్టి చూడండి. ఐడిలింగ్‌లో ఒక పీఎస్ఐ (ఒత్తిడి కొలత) అటూఇటూ ఉండాలి. 2,500 ఆర్‌పీఎం దగ్గర మూడు దాటితే అడ్డు ఉన్నట్టే.

బిగించేటప్పుడు కొత్త గ్యాస్కెట్ తప్పనిసరి. సెన్సర్‌కు ముందు సన్నటి లీకు ఉన్నా బయటి గాలి లోపలికి పీల్చుకుని, పెట్రోల్ తక్కువైందని ఈసీయూ మోసపోతుంది. ఇంజిన్ ఊగడానికి ఉన్న ఫ్లెక్స్ పైపును తీసేస్తే వెల్డింగ్ పగులుతుంది. సెన్సర్ల దగ్గర మామూలు సిలికాన్ పేస్ట్ వాడితే సెన్సర్ పాడవుతుంది. వేడికి అడ్డుగా ఉండే రేకును, అంటే హీట్ షీల్డ్‌ను ‘లొడలొడ’ అంటోందని మూలన పడేయకండి. మన పల్లెల్లో జొన్న, ఉలవ కట్టె రోడ్డు మీద పరుస్తారు. అది కింద చుట్టుకుంటే ఎర్రగా కాలిన డబ్బాకు తగిలి మంట అంటుకుంటుంది.

తర్వాత ఈసీయూను చదివే స్కానర్ పెట్టి నాలుగో గేరులో ఫుల్ యాక్సిలరేటర్ ఇచ్చి చూడాలి. ఈసీయూ అడిగిన బూస్టును దాటి అసలు బూస్ట్ పైకి పాకుతుంటే వేస్ట్‌గేట్‌కు (టర్బోలోని పక్కదారి తలుపుకు) అదనపు పొగను పక్కకు పంపే సత్తా లేదని అర్థం. బూస్ట్ మితిమీరిందనే పీ0234 కోడ్ వచ్చేదాకా ఆగితే ఇంజిన్‌కే దెబ్బ. కన్వర్టర్ వెనక ఉన్న ఓ2 సెన్సర్ వోల్టేజీ 0.6, 0.7 దగ్గర నిలకడగా ఉండాలి. అది 0.1కీ 0.9కీ మధ్య గబగబా ఊగుతుంటే పూత పని చేయట్లేదు, కన్వర్టర్ పనితీరు తగ్గిందనే పీ0420 కోడ్ దారిలో ఉంది. దీనికి మందుగా స్పేసర్లు (సెన్సర్‌ను పొగకు కాస్త దూరం జరిపే ముక్కలు) అమ్ముతున్నారు. అవి ఈసీయూ కళ్లకు గంతలు కడతాయి గానీ పొల్యూషన్ మెషీన్‌కు కట్టలేవు. బీఎస్-4, బీఎస్-6 పెట్రోల్ కార్లకు ఐడిలింగ్‌లో కార్బన్ మోనాక్సైడ్ 0.3 శాతం, హైడ్రోకార్బన్లు 200 పీపీఎం దాటకూడదు.

జాలీని పగలగొట్టి తీసేసి ఖాళీ డబ్బా బిగించేవాళ్లూ ఉన్నారు. మోటారు వాహనాల చట్టం 190(2) సెక్షన్ ప్రకారం కాలుష్య ప్రమాణాలు మీరిన బండి నడిపితే మొదటిసారికే పదివేల రూపాయల దాకా జరిమానా, మూడు నెలల దాకా జైలు లేదా రెండూ, దానికితోడు మూడు నెలలు లైసెన్సుకు అనర్హత. అనుమతి లేని మార్పులకు 182ఏ(4) కింద ఒక్కో మార్పుకు ఐదువేలు వేరే. కాబట్టి బిల్లులో సెల్స్ సంఖ్య, పూతలోని లోహాల మోతాదు రాయించుకోండి. రాయనంటే ఆ షాపు వద్దు.

పాత కన్వర్టర్‌ను మాత్రం అక్కడే వదిలి రావద్దు. రేపు కొత్తది విఫలమైతే మళ్లీ బిగించాల్సింది అదే. పైగా అందులోని లోహాల కోసం తుక్కు వ్యాపారులు దాన్ని ఏరి కొంటారు.

— ఎగ్జాస్ట్ మెకానిక్‌లు, ఆటోనగర్, విజయవాడ