మొరాయించే నట్టును పానాకు గొట్టం తొడిగి లాగవద్దు

సంపాదకులకు నమస్కారం.

మారుతి ఓమ్ని వ్యాన్ల తయారీ 2019లోనే ఆగిపోయినా, మన ఊళ్లలో అవి ఇంకా కూరగాయల మార్కెట్లకూ పాలకేంద్రాలకూ తిరుగుతూనే ఉన్నాయి. షెడ్డు ఖర్చు భరించలేక ఆ మూడు సిలిండర్ల ఇంజనును ఇంటి దగ్గరే దించి బాగుచేసుకునేవారూ ఉన్నారు. ఆ పనిలో అందరినీ భయపెట్టేవి పిస్టన్లూ వాల్వులే గానీ, తీరా ఇంజను పైభాగమైన అల్యూమినియం హెడ్డుకు చేటు తెచ్చేది, దానిలోంచి పొగను సైలెన్సరుకు చేర్చే మ్యానిఫోల్డును బిగించే చిన్న స్టడ్డు, అంటే ఒక కొస హెడ్డులోకీ రెండో కొస నట్టులోకీ బిగిసే తల లేని బోల్టు.

ఏళ్ల తరబడి కాగి చల్లారి, కాగి చల్లారి, నట్టు తుప్పుతో స్టడ్డుకు అతుక్కుపోతుంది. అది కదలకపోతే పానాకు ఇనుప గొట్టం తొడిగి బలమంతా పెట్టి లాగడం మనవాళ్లకు అలవాటు. దానివల్ల నట్టు ఊడకపోగా స్టడ్డు తెగి, సగం ముక్క హెడ్డులోనే ఉండిపోతుంది. ముందురోజే వైరు బ్రష్షుతో మరలు శుభ్రం చేసి, తుప్పు వదిలించే నూనె పట్టించి రాత్రంతా వదిలేయాలి. మర్నాడు ఆరు మూలల సాకెట్టు పెట్టి, మొదట బిగించే వైపు వెంట్రుకవాసి కదిపి, ఆ తర్వాతే విప్పే వైపు తిప్పాలి. కిర్రుమని కదిలితే మంచిదే. మళ్లీ నూనె వేస్తూ ముందుకూ వెనక్కూ ఆడించాలి. చేతికి మెత్తగా సాగుతున్నట్టు తగిలితే మాత్రం స్టడ్డు మెలితిరుగుతోందని గ్రహించి వెంటనే ఆపేయాలి.

నూనెకు లొంగనిదానికి వేడే మందు. నట్టు పట్టేస్తే నట్టునే కాచాలి. స్టడ్డు హెడ్డులోనే బిగుసుకుపోతే దాని చుట్టూ ఉన్న అల్యూమినియాన్ని మెల్లగా, సమంగా కాచాలి. అది ఉక్కుకు దాదాపు రెట్టింపు వ్యాకోచిస్తుంది కాబట్టి పట్టు సడలుతుంది. అయితే ఓమ్నిలో ఇంజను ముందు సీట్ల కిందే ఉంటుంది, పాత మోడళ్లలో పెట్రోలును గాలితో కలిపే కార్బురేటరూ అక్కడే ఉంటుంది, చాలా బండ్లకు గ్యాసు కిట్టు కూడా ఉంటుంది. అందువల్ల ఇంజను బండిలో ఉండగా కాచేందుకు మంట వచ్చే గ్యాసు టార్చి వెలిగించడం ప్రాణాలతో చెలగాటమే. ఇంజనును దించి, కార్బురేటరు ఉంటే దాన్నీ విప్పి దూరంగా పెట్టాకే నిప్పు ముట్టించాలి.

అప్పటికీ స్టడ్డు తెగిపోతే, ముక్కకు డ్రిల్లుతో రంధ్రం చేసి దాన్ని బయటికి తిప్పి తీసే ఎక్‌స్ట్రాక్టరు కొని తొందరపడవద్దని నా మనవి. ఆ పనిముట్టు గట్టి ఉక్కుది కాబట్టి లోపల విరిగితే మామూలు డ్రిల్లు దాన్ని కొరకలేదు. హెడ్డును మంచి వెల్డింగు షాపుకు తీసుకువెళ్లి, మిగిలిన ముక్క మీద నట్టు పెట్టి వెల్డు చేయిస్తే, ఆ వేడికే పట్టు వదిలి చాలాసార్లు పానాతో తిరిగి వచ్చేస్తుంది.

కొత్త కార్ల ధరలకూ రంగులకూ మీ వాహనాల పేజీలో ఎంతో చోటు ఇస్తున్నారు. పాత బండి మీదే బతుకు వెళ్లదీసే పాఠకుల కోసం, అనుభవమున్న మెకానిక్కుల చేత ఇలాంటి మరమ్మతుల గురించి వారానికొకసారైనా రాయించవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకుడు, తణుకు