కొన్న ఆటకు కాలం చెల్లిందట!

సంపాదకుడికి,

పైరసీ దెబ్బకు గేమ్స్ కంపెనీలు విలవిల్లాడుతున్నాయని పది రోజుల కిందట మీరు వేసిన వార్త చదివాను. వెంటనే రాద్దామనుకున్నా. మా వీధిలో డ్రైనేజీ తవ్వకాల పుణ్యమా అని నాలుగు రోజులు నెట్ లేదు, అందుకే ఆలస్యం. దొంగ కాపీలు వాడేవాళ్లకు బాగానే చీవాట్లు పెట్టారు. డబ్బిచ్చి కొన్నవాడి గోడు మాత్రం ఒక్క వాక్యం లేదు. పైగా దొంగ కాపీలు తీయకుండా గేమ్‌కు కంపెనీ వేసే తాళాన్ని, అంటే డీఆర్‌ఎంను, రెండుచోట్ల 'డీఎంఆర్' అని అచ్చేశారు. ప్రూఫులు చూసేవాళ్లను తీసేశారా?

నేను 2009లో 999 రూపాయలు పెట్టి కారు రేసుల గేమ్ ఒకటి కొన్నాను. సీలు వేసిన పెట్టె, అందులో డీవీడీ, చిన్న పుస్తకం, చాంతాడంత కోడ్. అప్పట్లో కోఠీ ఫుట్‌పాత్ మీద అదే గేమ్ యాభై రూపాయలు. కొత్తగా ఉద్యోగంలో చేరాను, దొంగ సరుకు మనకెందుకని పట్టుబట్టి బిల్లుతో కొన్నా. మొన్న దసరా సెలవుల్లో మా అబ్బాయి అటక మీంచి ఆ పెట్టె దించాడు. ఇప్పటి ల్యాప్‌టాప్‌కు డీవీడీ డ్రైవ్ లేదు, అదొకటి విడిగా కొన్నా. తీరా డిస్క్ పెడితే దానికి వేసిన తాళం కొత్త విండోస్‌కు పడదట. కోడ్ సరిచూసే సర్వర్ కూడా ఎప్పుడో ఎత్తేశారట. కంపెనీకి మెయిల్ పెడితే, సేవలు నిలిపేశాం, మా కొత్త గేమ్స్ చూడండి అని జవాబు. కింద డిస్కౌంట్ కూపన్ ఒకటి! మా బావమరిది కొడుకు పెన్‌డ్రైవ్‌లో దొంగ కాపీ తెచ్చి పది నిమిషాల్లో ఆడి చూపించాడు. దానికి డిస్కూ అక్కర్లేదు, కోడూ అక్కర్లేదు. బిల్లు భద్రంగా దాచుకున్న నన్ను చూసి మా ఆవిడకు నవ్వాగలేదు.

నా ఒక్కడి ఖర్మ కాదిది. 2015లో విండోస్ 10 వచ్చినప్పుడు సేఫ్‌డిస్క్ అనే తాళమున్న పాత గేమ్స్ మూలనపడ్డాయి. ఆ తాళమే కంప్యూటర్‌కు కన్నమని మైక్రోసాఫ్ట్ దాన్ని వదిలించుకుంది. పాతవేగా అంటారా? యూబీసాఫ్ట్ కంపెనీ 2014లో తెచ్చిన 'ద క్రూ' అనే కారు రేసుల గేమ్ సర్వర్లు 2024 మార్చి 31న ఆపేశారు. ఒంటరిగా ఆడుకునేవాడికీ ఆట బందే. తర్వాత కొన్నవాళ్ల ఖాతాల్లోంచి లైసెన్సు కూడా పీకేశారు. దాంతో అమ్మిన గేమ్స్‌ను ఇలా చంపేయొద్దంటూ యూరప్‌లో పది లక్షల మందికి పైగా సంతకాలు పెట్టారు. కాలిఫోర్నియాలో 2025 జనవరి నుంచి, ఇచ్చేది లైసెన్సు మాత్రమేనని స్పష్టంగా చెప్పకుండా 'కొనండి' అని బటన్ పెట్టకూడదు.

మన దగ్గరో? 2012లో కాపీరైట్ చట్టంలో 65ఎ సెక్షన్ చేర్చారు. హక్కులకు గండికొట్టే ఉద్దేశంతో తాళం పగలగొడితే రెండేళ్ల దాకా జైలు. మంచిదే. తాళం వేసినవాడు తాళంచెవి పట్టుకుని పోతే ఏమిటన్నది మాత్రం అందులో లేదు. కొన్న ప్రోగ్రాం పాడైపోకుండా ఒక కాపీ తీసి పెట్టుకోవచ్చని అదే చట్టం 52వ సెక్షన్‌లో ఉంది. తాళం తీయనిస్తేగా! దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడనేది ఇందుకే.

ఫిర్యాదు ఎలా ఇవ్వాలో కనుక్కుందామని ఒక ఆఫీసుకు వెళ్లాను. గుమాస్తా నా నెరిసిన జుట్టు చూసి "గేమా సార్, మీకా?" అన్నాడు. మిక్సీ పాడైతే రండి, రాసుకుంటామన్నాడు. ఇదీ వినియోగదారుడికి దక్కే మర్యాద. గేమ్స్ దాకా ఎందుకు, మా ఇంట్లో ప్రింటర్ వేరే కంపెనీ ఇంకు పోస్తే అలిగి కూర్చుంటోంది. కొనేది మనం, పెత్తనం వాళ్లది.

సర్వర్ లేకుండా కుదరదన్న వాదన కూడా వింటున్నాం. 2013లో సిమ్‌సిటీ అనే గేమ్‌ను నెట్ లేకుండా నడిపించడం అంత తేలిక కాదని దాని కంపెనీవాళ్లు అన్నారు. జనం తిట్టిపోశాక ఏడాదికల్లా నెట్ లేకుండానే నడిపించారు. పోలండ్‌లో పుట్టిన జీఓజీ అనే ఆన్‌లైన్ గేమ్స్ దుకాణం 2008 నుంచీ తాళాల్లేకుండానే గేమ్స్ అమ్ముతోంది, ఇంకా మూతపడలేదు.

బిస్కెట్ ప్యాకెట్ మీద కూడా ఎప్పటిదాకా తినొచ్చో వేస్తారు. గేమ్ ఎప్పటిదాకా నడుస్తుందో ముందే చెప్పమనండి. సర్వర్ మూసే రోజు తాళం తీసేసి పొమ్మనండి. పోయినసారి వీధికుక్కల మీద నేను రాసిన లేఖలో సగం కోసేశారు, దీన్నైనా పూర్తిగా వేయగలరు.

- ఒక పాఠకుడు, హనుమకొండ