కార్టర్‌కు చేతకాలేదా?

సంపాదకుడు గారికి,

అమెరికా మాజీ అధ్యక్షుడు జిమ్మీ కార్టర్ పేరెత్తగానే ‘మంచివాడే, పాలన చేతకాలేదు’ అనేస్తారు. నాకది సగం నిజమే అనిపిస్తుంది. 1978లో ఈజిప్టు, ఇజ్రాయెల్ నేతలను క్యాంప్ డేవిడ్‌లో 13 రోజులు కూర్చోబెట్టారు. చివర్లో ఇజ్రాయెల్ ప్రధాని బెగిన్ బెట్టు చేస్తే, కార్టర్ ఆయన మనవల్లో ఒక్కొక్కరి పేరూ ఫొటోల మీద రాసి స్వయంగా తీసుకెళ్లి ఇచ్చారు. ఆ పేర్లు చదువుతూ బెగిన్ కరిగిపోయారు. చేతకానివాడి పనా ఇది?

ఇరాన్‌లో బందీలైన అమెరికన్ల విషయంలో మాత్రం ఆయన్ను వెనకేసుకురాలేను. వాళ్లను విడిపించడానికి పంపిన కమాండో ఆపరేషన్ ఎడారిలోనే బెడిసికొట్టి 8 మంది సైనికులు చనిపోయారు. 52 మంది బందీలు 444 రోజులు మగ్గారు. దిగిపోయే ముందు రాత్రి కూడా కార్టర్ నిద్రమాని ఫోన్ల దగ్గరే ఉన్నారు. వాళ్లు విడుదలైంది తర్వాతి అధ్యక్షుడు రీగన్ ప్రమాణం చేసిన కొద్ది నిమిషాలకు.

– ఒక పాఠకుడు, తెనాలి